వెనక్కి తిప్పకూడదు

నాకు కోపం ఎక్కువ. విమానం నడపడం నేర్పేవాడికి ఆ మాత్రం ఉండాలని నేనే సర్దిచెప్పుకుంటాను. మా చిన్న విమానాలకు ఉన్నది ఒక్కటే ఇంజను. పైకి లేవగానే అది ఆగిపోతే ముక్కు కిందికి దించి, ఎదురుగా పొలముంటే పొలంలో, ముళ్లపొదలుంటే పొదల్లో దిగిపోవాలి. రన్‌వే కోసం వెనక్కి తిప్పకూడదు. తిప్పితే వేగం చచ్చి రాయిలా పడిపోతుంది. ఇరవై ఏళ్లుగా శిష్యుల చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మాట ఇదే. ఆ శిష్యుల్లో మా తమ్ముడూ ఒకడు.

వాడు వెనక్కి తిప్పాడు.

వాడు పోయిన మూడు వారాలకు మరదలు ఫోన్ చేసి రమ్మంది. నేను వెళ్లేసరికి మిషను మీద ఎవరివో కర్టెన్లు కుడుతోంది.

"బావగారూ, ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ ఆయన భయపడి తిప్పారంటున్నారట. నిన్న బడిలో ఎవరో పాపతో 'మీ నాన్న పిరికివాడు' అన్నారు. ఏడుస్తూ వచ్చింది. నిజంగా భయపడ్డారా?"

అవునంటే సరిపోయేది. విచారణ చేసినవాళ్లూ అదే రాస్తారు. కానీ వాడు పిరికివాడా? చిన్నప్పుడు పాముని చూసి నేను గోడెక్కి కూర్చుంటే కర్ర పట్టుకొచ్చింది వాడే.

"నా వల్ల తిప్పాడమ్మా" అన్నాను.

పదేళ్ల కిందట నాకూ ఇంజను ఆగింది. వెనక్కి తిప్పి బతికిపోయాను. క్లాసులో బల్లగుద్ది వద్దని చెప్పేవాణ్ని, సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆ కథే చెప్పుకుని మురిసిపోయేవాణ్ని. చెప్పిన ప్రతిసారీ ఎత్తు కాస్త తగ్గించేవాణ్ని. నిజానికి అప్పుడు నేనున్నది తొమ్మిది వందల అడుగుల్లో. చెయ్యి తిరిగినవాడికి అదేం గొప్ప కాదు. అందుకని ఏడు వందలన్నాను, ఆ తర్వాత ఆరన్నాను. చివరికి నాలుగు వందల దగ్గర ఆగాను, అంతకు మించి కోతలు కోస్తే ఎవరూ నమ్మరని. అందరికంటే గట్టిగా నమ్మింది తమ్ముడే. "మా అన్నయ్య నాలుగు వందల్లో తిప్పాడు తెలుసా" అని ఊరంతా చాటేవాడు. వాడొక్కడికైనా నిజం చెప్పి ఉండాల్సింది. సిగ్గేసి చెప్పలేదు.

ఇదంతా మరదలికి చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మిషను ఆపింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"ఆయనకి ఎంత ఎత్తులో ఆగింది?"

"ఐదు వందలు."

ఆమె చేతిలోని గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే భయపడలేదు" అంది. "మీకంటే వందడుగులు ఎక్కువే ఉన్నాయి కదా అనుకుని ఉంటారు."