ఖాళీ తాడు

అది పాలు పొంగిన వాసన కాదు. తాడు మామ స్టవ్ వైపు చూసి, తరవాత తన చేతి వైపు చూసుకున్నాడు. కాగుతున్న టీ గిన్నె అంచును కుడిచేతి రెండు వేళ్ళతో పట్టుకుని ఉన్నాడు. మసిగుడ్డ పక్కనే ఉంది. కాలుతున్నది తన చర్మమే. వేళ్ళు తీసి కుళాయి కింద పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో కూడా వాటికి తెలియలేదు.

"ఏం మాడుతోంది నాన్నా?" పక్క గదిలోంచి కూతురు అడిగింది.

"ఏం లేదమ్మా. పాలు పొంగాయి."

అబద్ధమాడటం మామకు అలవాటు లేదు. ఉన్నవి రెండు గదులు, అందులో తండ్రీ కూతుళ్ళిద్దరే. భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో దాచుకోవలసిన మాట ఒక్కటీ పుట్టలేదు. ఈ చేతుల సంగతి మాత్రం కొన్ని నెలలుగా దాస్తున్నాడు. ముందు చిటికెన వేలు మొద్దుబారింది, తరవాత దాని పక్కది, ఇప్పుడు రెండు అరచేతులూ. కాలిన వేళ్ళు జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో గ్లాసు అందించాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి పిల్ల అనుమానించలేదు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడితే ఇంకెవరూ లోపలికి రాలేనంత వెడల్పు. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి ఉంటుంది. అరచేతులు మడమల్లా గట్టిపడిపోయాయి. సినిమాల్లో ఎవరైనా గాల్లోకి లేస్తే, లేచినవాడు తెరమీద ఉంటాడు, లేపినవాడు తెరవెనక ఉంటాడు. ఆ లేపేవాడు ఈయన. పైకప్పులోని కప్పీల మీదుగా వచ్చిన తాడు కొస పట్టుకుని, ఊహ తెలిసినప్పటినుంచీ ఎందర్నో ఆకాశానికి ఎత్తాడు. ఎత్తినవాళ్ళ మొహాలు మరిచిపోతాడు గానీ బరువులు మరిచిపోడు. ఎవరు తిని వచ్చారో, ఎవరు ఇంట్లో పోట్లాడి పస్తు వచ్చారో తాడు పట్టుకుని చెప్పేసేవాడు. తన బరువు ఎంతో మాత్రం ఆయనకు తెలియదు. ఒక్కసారి కూడా తాడుకు ఆ చివర ఉండలేదు.

కూతుర్ని స్టూడియోలో అందరూ పిట్ట అంటారు. అసలు పేరు హాజరు వేసే మనిషికైనా గుర్తుందో లేదో. పిల్లల టీవీలో ఒకప్పుడు ఊపు ఊపిన ఒక బొమ్మల కథను ఇప్పుడు మనుషులతో తీస్తున్నారు. గాలితో యుద్ధం చేసే కుర్రవాడి కథ. ఆ కుర్రవాడి వేషం వేసిన నటుడు కుర్చీ ఎక్కాలన్నా కళ్ళు మూసుకుంటాడు. అందుకని దూకటాలూ ఎగరటాలూ పిట్టవి, దగ్గర్నుంచి కనబడే మొహం అతనిది. చిన్నప్పుడు ఆ బొమ్మలు చూసే, దుప్పటి మెడకు కట్టుకుని బీరువా మీంచి దూకి పన్ను విరగ్గొట్టుకుంది పిట్ట. ఆ పన్ను ఇంకా సగమే ఉంది.

స్టూడియో అంటే రేకుల కప్పున్న పెద్ద షెడ్డు. సగం నేల మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు, వెనకంతా ఆకుపచ్చ తెర. ఒక పక్క చిన్న టీవీలో బొమ్మల కథలోని ఆ రోజు తియ్యాల్సిన ముక్కను మళ్ళీమళ్ళీ వేస్తుంటారు. పెళ్ళికూతురు ఫోటో పట్టుకుని పోలికలు వెతికే వియ్యపురాలిలా దర్శకుడు ఒకసారి దాన్నీ, ఒకసారి మనుషుల్నీ చూస్తుంటాడు. బొమ్మలో కుర్రవాడి జుట్టు మంటలా పైకి లేచి ఉంటుంది. ఇక్కడ నటుడి నెత్తికి జిగురుతో అంటించిన విగ్గు మధ్యాహ్నానికి వాడిపోతుంది. బొమ్మలో కుర్రవాడు మాటిమాటికీ నవ్వుతాడు. ఇక్కడ పెద్దవాళ్ళు కూడా చూడాలని నవ్వు తగ్గించి మొహం ముడిచారు. కుర్రవాడి వెంట తిరిగే లావుపాటి పక్షికి బదులు కర్రకు గుచ్చిన బంతి ఉంది. దానితోనే కన్నీళ్ళు పెట్టుకుని మాట్లాడాలి. ఇవన్నీ ఎలాగో నెట్టుకొచ్చారు. నెట్టుకురాలేనిది ఒక్కటే, గాల్లోంచి దిగటం. బొమ్మలో వాడి పాదం నేలకు తగిలితే గడ్డిపోచ కూడా వంగదు.

"గీసినవాడికేం," అనేవాడు మామ. "కాయితం మీద బరువుండదు."

ఆ రోజు పొద్దున తియ్యాల్సింది ముసలి గురువు పోవటం. బొమ్మల్లో గురువు చావడు. మాట్లాడుతూ మాట్లాడుతూ గాలిలో కలిసిపోతాడు. ఆయన అంగీ మాత్రం మనిషి ఉన్నట్టే కాసేపు గాల్లో నిలబడి, తరవాత మెల్లగా కుంగుతుంది. ఇక్కడ అంగీలో సన్నటి తీగల చట్రం పెట్టి, తాడుకు కట్టారు. పసిపిల్లవాడైనా ఒక చేత్తో లాగగలిగిన బరువు. తెర వెనక, తాడు ముడివేసే కొక్కెం పక్కనున్న చెక్కపెట్టె మీద మామ కూర్చున్నాడు. సాయంగా, అందరూ గుండు అని పిలిచే మనిషి వెనక తాడు పట్టుకున్నాడు. గుండు నెత్తిమీద వెంట్రుక లేకపోయినా, చేతుల మీద రెండు విగ్గులకు సరిపడా ఉన్నాయి. మంచివాడు, బలమున్నవాడు. కాకపోతే తాడు పట్టుకుని పైకి చూస్తాడు. పైకి చూసేవాడికి తాడు ఏం చెబుతుందో వినబడదని మామ భయం. తను తప్పుకుంటే పిట్ట ప్రాణం ఆ చేతుల్లోకే పోతుంది. అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.

తాడు వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. లాగేముందు కిందివాడు "ఉన్నావా?" అంటాడు. పైకి పోయేవాళ్ళు "ఉన్నా" అంటేనే లాగుతాడు. పైకి పోయాక వాళ్ళు "ఉన్నావా?" అంటారు, కిందివాడు "ఉన్నా" అంటాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఖాళీ తాడును పలకరించకూడదు. మామకు పని నేర్పిన పెద్దాయన్ను ఎందుకని అడిగితే, "పలికితే ఏం చేస్తావురా?" అన్నాడు.

దర్శకుడు చెయ్యి ఊపాడు. మామ మనసు కాలిన వేళ్ళ మీద ఉంది.

"ఉన్నావా?" అన్నాడు.

అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. గుండు వెనకనుంచి కిసుక్కున నవ్వాడు. "అంగీని అడుగుతున్నావేంది మామా?"

మామ నవ్వలేదు. తాడు బిగిసింది. ఎవరో ఆ చివర మెల్లగా కూర్చున్నట్టు బరువు దిగింది. పొద్దున సెగ తెలియని వేళ్ళకు, నెలల తరబడి ఏదీ తెలియని అరచేతులకు, ఆ బరువు స్పష్టంగా తెలిసింది. మనిషి బరువు. కాస్త ఒక పక్కకు ఒరిగిన మనిషి. ఇంతకాలం ఎత్తినవాళ్ళందర్నీ మామ మనసులో వెతుక్కున్నాడు. వాళ్ళెవరిదీ కాదు.

"కప్పీ పట్టేసినట్టుంది," అన్నాడు గుండు. రెండో చెయ్యి కూడా వేసి లాగాడు.

అంగీ పైకి లేచి నిలబడింది. ఫ్యాను వేయకముందే దాని చేతులు రెండూ కాస్త ముందుకు వచ్చాయి. "అద్భుతం," అన్నాడు దర్శకుడు. దించేటప్పుడు బరువు లేదు. మామ తాడును ఎడమచేతి వాటంగా మెలిపెట్టి కొక్కేనికి ముడి వేశాడు. ఆ ముడి ఇంకెవరికీ రాదు, గుండు ఎన్నోసార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు. ముడి వేసిన తరవాతే గ్లౌజులు తీసి ఒళ్ళో పెట్టుకోవటం మామ అలవాటు. ఆ పూట గ్లౌజులు తీసి, అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. మామకు భయం వేసింది. ఆ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు.

మధ్యాహ్నం అదే తాడు పిట్టకు కట్టారు. గురువు మాయమైన చోట కుర్రవాడు గాల్లో నిలబడి, ఆయన అంగీని గుండెకు హత్తుకుని కిందికి దిగాలి. మామ వైపు ఇసుక బస్తాలు వేలాడదీశారు. పిట్ట బరువులో చాలా భాగం అవి మోస్తాయి, మిగిలిన కాస్తా చేతిది. ఆ కాస్తలోనే ప్రాణం ఉంటుంది.

ఒకసారి దిగింది. మోకాళ్ళు వంగాయి, గడ్డి నలిగింది.

"మనిషి దిగినట్టుంది," అన్నాడు దర్శకుడు విసుగ్గా.

"మనిషే కదండీ మరి," అని మామ గొణిగాడు.

లైట్లు సర్దుతుండగా పిట్ట తెర వెనక్కి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. చిన్నప్పటినుంచీ వాళ్ళ మధ్య బరువు చెప్పే ఆట ఒకటి ఉంది. ఆ అలవాటుకొద్దీ అడిగింది. "ఇవాళ ఎంతున్నాను నాన్నా?"

"నిన్నటంతే ఉన్నావు."

పిట్ట తన కాళ్ళకేసి చూసుకుంది. నడక నిలకడగా కనబడాలని ఆ పూట వేషంలో ఇనప అడుగులున్న బూట్లు తొడిగారు, ఛాతీకి రేకుల కవచం కట్టారు. మామ కూడా అప్పుడే ఆ బూట్లు చూశాడు. తండ్రి కుడిచెయ్యి తీసుకుని, ఎర్రగా బొబ్బలెక్కిన రెండు వేళ్ళను పిట్ట గోరుతో నొక్కింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"చెబుదామనే అనుకున్నానమ్మా. చెబితే నిన్ను గుండు చేతికి అప్పగించాలి."

"రేపట్నుంచి నువ్వు తాడు పట్టొద్దు నాన్నా."

"మరి ఇవాళ?"

పిట్ట ఆయన వేళ్ళను మెల్లగా మడిచి ఒళ్ళో పెట్టింది. "ఇవాళ నువ్వే," అని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నాకు భయమేస్తే అడుగుతాను. వెంటనే పలుకు."

"పలుకుతాను తల్లీ."

ఈసారి జుట్టు ఎగరాలని గుండును పెద్ద ఫ్యాను దగ్గరికి పంపారు. తాడు దగ్గర మామ ఒక్కడే మిగిలాడు. "ఉన్నావా?" అన్నాడు. "ఉన్నా," అంది పిట్ట. లాగాడు. పిల్ల బరువు తెలియడం లేదు. మోచేతులతో, భుజాలతో, ఒంటిలో తెలివి మిగిలిన ప్రతి చోటుతోనూ తాడును వింటూ లాగాడు. పిట్ట పైన నిలబడింది. అప్పుడు ఎడమ భుజంలో ఏదో పట్టేసింది. నొప్పి కూడా కాదు, ఎవరో వెనకనుంచి "ఇలా ఇవ్వు" అని చెయ్యి వేసినట్టు. తాడు వదలకూడదు అనుకున్నాడు. అదొక్కటే అనుకున్నాడు. అంతలోనే అరచేతుల్లోకి చల్లదనం వచ్చింది, తరవాత తాడు గరుకు తగిలింది, దాని వెంటే కూతురి బరువు, ఇనప బూట్లతో సహా, గోరంతైనా తేడా లేకుండా. మామకు ఏడుపు వచ్చినంత పనైంది.

పైన పిట్ట అంగీని గుండెకు హత్తుకుని ఎదురు చూస్తోంది. దించాల్సిన సైగ అయిపోయింది. తాడు కదలలేదు. ఇంత ఆలస్యం నాన్న ఎప్పుడూ చెయ్యడు.

"నాన్నా, ఉన్నావా?"

జవాబు లేదు. మెడ తిప్పితే తెర అంచు పక్కనుంచి చెక్కపెట్టె కనబడింది. నాన్న దాని మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. గ్లౌజులు రెండూ తీసి ఒళ్ళో ఉన్నాయి. ఖాళీ చేతులు వాటి మీద వాలి ఉన్నాయి.

తను మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

పిట్ట అరవబోయింది. అప్పుడు తాడు కదిలింది. చంటిపిల్లను నిద్ర లేవకుండా పక్కమీద వేసినంత నెమ్మదిగా ఎవరో ఆమెను దించారు. ఇనప బూట్లు గడ్డి మీద ఆనాయి. గడ్డి వంగలేదు.

"ఇదీ. ఇదే," అన్నాడు దర్శకుడు, టీవీలో బొమ్మనూ ఆమెనూ మార్చిమార్చి చూస్తూ. "బొమ్మల్లో ఉన్నట్టే ఉంది."

పిట్ట నడుము పట్టీ తెంపుకుని తెర వెనక్కి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. గుండు ఇంకా ఫ్యాను దగ్గరే ఉన్నాడు. నాన్న చేతులు ముట్టుకుంది. పొద్దుటినుంచీ కూర్చున్న చోటే పోయి ఉన్నట్టు చల్లగా ఉన్నాయి. ఆమె ఆయన ఒళ్ళో తలపెట్టి, "ఉన్నాను నాన్నా, దిగాను," అని చెప్పింది, అదేమాట మళ్ళీమళ్ళీ. ఎవరూ ఆపలేదు.

మోసుకెళ్ళటానికి నలుగురు పట్టారు. భుజాల వైపు గుండు పట్టాడు. నాలుగడుగులు వెయ్యగానే ఆగిపోయాడు. కుడి భుజం కిందికి ఒరిగిన ఆ మనిషిని చేతుల్లో కాస్త పైకి ఎత్తి, మళ్ళీ దించి చూశాడు.

"పొద్దున ఆ అంగీ," అన్నాడు పిట్టతో మెల్లగా, "ఇంతే ఉందమ్మా."

ఆ దృశ్యాన్ని అలాగే ఉంచారు. బొమ్మల్ని ప్రాణంగా చూసినవాళ్ళు కూడా ఆ దిగటం ఒక్కటీ అచ్చు దిగిందని ఒప్పుకున్నారు. షెడ్డు ఖాళీ చేసే రోజున తాడు తియ్యబోతే కొక్కెం దగ్గర ముడి ఊడలేదు. ఎడమచేతి ముడి. ఆ రోజు పిట్టను దించాక దాన్ని ఎవరు వేశారని అడిగితే అందరూ తాము కాదన్నారు. గుండు ముట్టుకోనన్నాడు. చివరికి పిట్టే కత్తి తీసుకుని, ముడికి జానెడు పైన తాడు కోసింది. మిగిలిన తాడంతా పైకప్పులోంచి జారి పడింది. కొక్కేనికి ముడి అలాగే బిగుతుగా ఉండిపోయింది. దాని పైన కోసిన జానెడు కొస కిందికి వాలలేదు.