నాలుగూ పదికి ప్రత్యేక వాహనం

నేను బస్సుల వేళలు రాసేవాణ్ణి. మా బస్టాండులో ఏ బండి ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో కాగితం మీద పెట్టడం నా పని. ఆ కాగితాన్ని మైకులో చదవడం మా ఆవిడ పని. డ్రైవర్లందరూ ఆమెను మైకమ్మ అంటారు. పద్దెనిమిదేళ్లుగా నా గదికీ ఆమె గదికీ మధ్య ఒక చిన్న కిటికీ. నేను అందులోంచి చీటీ ఇస్తాను, ఆమె అందుకున్నది అందుకున్నట్టే చదివేస్తుంది. ముందుగా ఒకసారి కళ్లతో చూసుకోవడం లాంటివేమీ ఉండవు. "చూసుకుని చదవొచ్చుగా" అంటే, "మీరు రాసిందేగా, చూసేదేముంది" అంటుంది.

ఈ నమ్మకం ఒకసారి కొంప ముంచింది. జేబులో చీటీలు తారుమారై, ఇంటికి కావలసిన సరుకుల జాబితా ఆమె చేతికి వెళ్లింది. అప్పటికే "నాలుగో నంబరు ప్లాట్‌ఫారం నుంచి" అని మొదలుపెట్టేసింది కదా, ఆగలేదు. "ఉల్లిపాయలు రెండు కిలోలు, బట్టల సబ్బు, ఎలుకల మందు" అని ఆ కమ్మని గొంతుతో మూడుసార్లు చదివింది. ఒక్కరూ నవ్వలేదు. పదకొండు మంది సామాన్లతో సహా వెళ్లి నాలుగో నంబరు దగ్గర నిలబడ్డారు. మైకులో చెప్పారంటే జనం కదులుతారు, అంతే. ఆ సంగతి నా బుర్రకి ఆ రోజే ఎక్కి ఉండాల్సింది.

ఏడాది చివర సెలవులొస్తే లోకమంతా తిరుగుతుంది. ఆ తిరిగేవాళ్లందరినీ సాగనంపుతూ మేము బస్టాండులోనే ఉంటాం. పద్దెనిమిదేళ్లలో ఆ పది రోజుల్లో ఒక్క రోజు కూడా మాకు సెలవు దొరకలేదు. ఈసారి దొరికింది, ఎందుకంటే మిషను వచ్చింది. మీట నొక్కితే తనంతట తానే మాట్లాడే మిషను. అది కుదురుకుంటుందో లేదో చూద్దామని వారం పాటు దాన్ని ఒంటరిగా వదిలి, మా ఇద్దర్నీ ఇంటికి పొమ్మన్నారు. కొత్త సంవత్సరం నుంచి మా ఆవిడకి, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో డ్యూటీ.

"గొడుగులతో కబుర్లు చెప్పుకుంటాలెండి" అని నవ్వేసింది. నవ్విందే గానీ, ఆ సాయంత్రం మైకు మీద గుడ్డ కప్పుతూ, "ఏమండీ, ఇన్నేళ్లూ అందరి ప్రయాణాలూ నేనే చెప్పాను. నా ప్రయాణం ఎవరైనా చెప్తే ఎలా ఉంటుందో వినాలనుందండీ" అంది. ఏదో మాటవరసకి అన్నట్టు అనేసి, సంచి భుజాన వేసుకుని నడిచింది. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు.

అందుకే ఊరి చివరి థీమ్ పార్కుకి తీసుకెళ్లాలని తీర్మానించాను. ఊరికే తీసుకెళ్లడం కాదు, ఆమె ప్రయాణం మైకులో చెప్పించాలి, చెప్పిన బండి నిజంగా వచ్చి నిలబడాలి. ఏర్పాట్ల కోసం ముందే రెండుసార్లు పార్కుకి వెళ్లొచ్చాను. ఇంట్లో పళ్లు పీకించుకోవడానికి వెళ్తున్నానని చెప్పాను. దాని ఫలితంగా నాలుగు రోజులు పాలల్లో నానబెట్టిన రొట్టె తప్ప మరొకటి పెట్టలేదు. ఒకటికి రెండు పళ్లు పోయిన మొగుణ్ణని జాలిపడి, అది కూడా చెంచాతో పెట్టబోయింది.

పార్కులో నడవలేని పెద్దవాళ్లని తిప్పే బ్యాటరీ బండి ఒకటుంది. డ్రైవరు కాక ఇద్దరే పడతారు. దాన్ని నడిపే మీసాలాయన చాలా మర్యాదస్తుడు, గడియారం స్తంభం దగ్గరికి సరిగ్గా నాలుగూ పదికి తెస్తానని మాటిచ్చాడు. బండి ముందు కట్టడానికి నేనే అట్ట మీద బోర్డు రాసిచ్చాను. మామూలుగా ఊరి పేరు ఉండే చోట "ఎటైనా" అని పెద్దక్షరాలతో రాశాను. కింద చిన్నక్షరాలతో "వయా రంగులరాట్నం, జెయింట్ వీల్, మళ్లీ రంగులరాట్నం" అని రాశాను.

మైకు గదిలో గులాబీ టోపీ అమ్మాయి అంత తేలిగ్గా లొంగలేదు.

"మేం ఎవరైనా తప్పిపోతేనే చెప్తాం సార్."

"మా ఆవిడ తప్పిపోయిందనుకోమ్మా."

"వయసు?"

"నలభై మూడు."

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. నవ్వినవాళ్లు కాదనలేరు, సరేనంది. ఇక మిగిలింది చీటీ. రెండు రాత్రులు కూర్చుని పదకొండు రకాలుగా రాసి చించాను. ప్రేమగా రాద్దామని మొదలుపెడితే మూడో మాటకే ప్లాట్‌ఫారం నంబరు వచ్చేస్తోంది. చివరికి చేతులెత్తేసి, నాకొచ్చిన ఒకే ఒక పద్ధతిలో, బస్సు గురించి రాసినట్టే రాశాను.

ఆ రోజు ఎలా గడవాలో కూడా రాసుకున్నాను లెండి. తొమ్మిదీ ఇరవైకి గేటు, తొమ్మిదీ నలభైకి రోలర్ కోస్టరు, అలా మూడూ యాభై ఎనిమిదికి గడియారం స్తంభం. అంటే బండి వేళకి పన్నెండు నిమిషాల ముందు. వందమంది డ్రైవర్లని వేళకి నడిపినవాణ్ణి, ఒక్క పెళ్లాన్ని నడపలేనా అనుకున్నాను. గేటు దాటగానే ఆ గర్వం అణిగింది. అక్కడ ఎలుగుబంటి వేషం వేసుకున్నవాడితో ఫోటో దిగింది. కళ్లు మూసుకుపోయాయని ఇంకోటి దిగింది. తర్వాత ఆ ఎలుగుబంటిని పక్కకి పిలిచి, లోపల ఉక్కపోస్తుందా, మంచినీళ్లు ఎలా తాగుతావు, ఇంట్లో ఎవరెవరుంటారు అని మొదలుపెట్టింది. ఎలుగుబంటి తలకాయ తీసి చంకలో పెట్టుకుని తీరిగ్గా జవాబులు చెప్పింది. ఇరవై ఆరు నిమిషాలు!

రోలర్ కోస్టరు పదకొండు నిమిషాలు ఆలస్యంగా కదిలితే, దాన్ని నడిపేవాణ్ణి నేను నిలదీశాను. వాడు నా వైపు వింతగా చూశాడు. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఏమండీ, సెలవు మీకు కూడా ఇచ్చారండీ" అంది.

అయినా మధ్యాహ్నం భోజనం నిలబడే చేయించి, పడవల ఆట ఎగ్గొట్టించి, మొత్తానికి మూడూ యాభైకల్లా ఆమెను స్తంభం వైపు తిప్పాను. తానొకటి తలిస్తే దైవం ఇంకొకటి తలుస్తాడని ఊరికే అన్నారా! దారిలో అద్దాల ఇల్లు కనపడింది.

"రెండే రెండు నిమిషాలండీ" అంటూ లోపలికి దూరింది.

నేను గుమ్మం దగ్గర కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నాలుగయింది, నాలుగూ అయిదయింది. తల లోపలికి పెట్టి కేకేశాను.

"ఏమోయ్, బయటికి రా!"

"వస్తున్నానండీ! మీరు కనపడుతున్నారు గానీ, పదిమంది ఉన్నారు!"

"వాళ్లలో టైము చూసుకుంటున్నవాణ్ణి నేను!"

"అందరూ చూసుకుంటున్నారండీ!"

సరిగ్గా నాలుగూ పదికి, చెట్టుకొకటి చొప్పున కట్టిన మైకుల్లోంచి గులాబీ టోపీ అమ్మాయి గొంతు మోగింది. వేళ తప్పనందుకు ఆ పిల్లని ఇప్పటికీ మెచ్చుకుంటాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. గడియారం స్తంభం నుంచి నాలుగు గంటల పది నిమిషాలకు బయలుదేరవలసిన ప్రత్యేక వాహనం సిద్ధంగా ఉంది. ఇదే మొదటి సర్వీసు, ఇదే ఆఖరి సర్వీసు."

అంతే. టక్కుమని ఆగిపోయింది. అసలు సంగతంతా ఆ తర్వాతి ముక్కలోనే ఉంది! ఏమైందో తర్వాత తెలిసింది. ఆ క్షణంలోనే ఎవరో ఒకాయన మైకు గదిలోకి వచ్చి, "మా అత్తగారు తప్పిపోయారమ్మా, తొందరేం లేదు, నిదానంగా చెప్పు" అన్నాడట. ఆ పిల్ల మైకు ఆపి ఆయన సంగతి చూడబోయింది.

ఈలోగా జనం కదిలారు. ఆఖరి సర్వీసు అంటే ఎవరు మాత్రం నిలబడతారు? రంగులరాట్నం మీదున్నవాళ్లు గుర్రాలు దిగి పరుగెత్తారు. భోజనాల దగ్గరున్నవాళ్లు పళ్లేలతో సహా పరుగెత్తారు. బండి పాడవకుండా చూడాలని నేనూ పరుగెత్తాను. వెళ్లేసరికి స్తంభం చుట్టూ ఏ రెండువందల మందో ఉన్నారు. మధ్యలో బండి కనపడటం లేదు, మీసాలాయన తల మాత్రం అటూ ఇటూ ఊగుతోంది.

"ఎక్కడికట ఇది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఎటైనా అట, బోర్డు మీదే ఉంది."

"మరింకేం, మా వీధి చివర దింపెయ్యమను."

తోసుకుంటూ లోపలికి వెళ్లాను. సీట్లో ఒక తాతగారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. పక్క సీటులో ఒక పెద్దావిడ, ఒళ్లో పాప్‌కార్న్ డబ్బా. లైనులో మూడో మనిషి మన ఎలుగుబంటి, తలకాయ చంకలో పెట్టుకుని.

"దిగండి బాబూ, ఇది మా ఆవిడ కోసం" అన్నాను.

"ఈవిడ కూడా ఒకరి ఆవిడే నాయనా" అన్నారు తాతగారు, పక్క సీటు చూపించి. "మోకాళ్ల నొప్పులు. నువ్వు కుర్రాడివి, నడువు."

"మా అల్లుడు వట్టి నిదానస్తుడు" అంది ఆ పెద్దావిడ పాప్‌కార్న్ నములుతూ. "నేను తప్పిపోయి గంటయింది. ఇంకా వెతుకుతున్నట్టు లేడు."

నాలుగూ పంతొమ్మిదయింది. పద్దెనిమిదేళ్లలో వేల చీటీలు రాశాను, అన్నీ ఎవరెవరివో. మా కోసం ఒక్కటంటే ఒక్కటి రాస్తే, అది సగంలో తెగింది. ఆమె వినాల్సిన మాట వినకుండానే అద్దాల మధ్య తిరుగుతోంది. రేపో ఎల్లుండో గొడుగుల గదిలోకి వెళ్లిపోతుంది. నాకు ఏడుపొచ్చింది. తాతగారు చూస్తారని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు మైకుల్లోంచి ఇంకో గొంతు వచ్చింది.

"ప్రయాణికులు దయచేసి తోసుకోవద్దు. పిల్లల చేతులు పట్టుకోండి. ఎడమవైపు వరుసగా నిలబడండి."

రెండువందల మందీ నిలబడ్డారు. తాతగారు కాలు మీది కాలు దించారు. ఆ గొంతు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. అద్దాల ఇంటి వెనక గుమ్మం మైకు గది పక్కనే ఉందట. ఆమె అటు బయటపడేసరికి గులాబీ టోపీ అమ్మాయి కిటికీ దగ్గర ముప్ఫైమంది "తర్వాతి బండి ఎప్పుడు" అని అరుస్తున్నారట, ఆ పిల్లకి తలప్రాణం తోకకొచ్చిందట. మా ఆవిడ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. "లేమ్మా, నేను చెప్తా, కాగితం ఇలా ఇవ్వు" అని కూర్చుందట.

కాగితం మీద నా చేతిరాత. ఆమెకి ఇంకేం కావాలి, చూసుకోకుండా చదివేసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. గడియారం స్తంభం నుంచి నాలుగు గంటల పది నిమిషాలకు బయలుదేరవలసిన ప్రత్యేక వాహనం సిద్ధంగా ఉంది. ఇదే మొదటి సర్వీసు, ఇదే ఆఖరి సర్వీసు. ఇందులో రెండే సీట్లు. ఒకటి, పద్దెనిమిదేళ్లుగా అందరినీ ఎక్కించి, తాను మాత్రం ఎక్కడికీ వెళ్లని..."

అక్కడ చిన్న దగ్గు వినపడింది.

"...మైకమ్మగారిది. రెండోది, ఆవిడ చీటీలు రాసేవాడిది. మైకమ్మగారు ఎక్కడున్నా నిదానంగా రావచ్చు. ఆవిడ వచ్చేవరకు బండి కదలదు. ఎంత... ఎంత ఆలస్యమైనా కదలదు."

ఇంకొకరి గొంతులో వినాలనుకున్న మాట, పాపం, తనే చెప్పుకోవాల్సి వచ్చింది కదా అని నేను నాలుక కరుచుకుని నిలబడ్డాను. మైకులో ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత బస్టాండులో వినపడే అదే గొంతు, తడిగా.

"ప్రయాణికులకు మరో విజ్ఞప్తి. ఈ వాహనం పద్దెనిమిది సంవత్సరాలు ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి... చింతించడం లేదు. ప్రయాణికురాలు వస్తోంది."

ముందు చప్పట్లు కొట్టింది ఎలుగుబంటి. తర్వాత అందరూ కొట్టారు. తాతగారు బండి దిగి, "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా నాయనా" అని నన్నే కోప్పడి, పెద్దావిడకి చెయ్యి అందించారు. అప్పుడే అక్కడికి చేరిన ఒకాయన ఆవిణ్ణి చూసి, "ఇక్కడున్నారా అత్తయ్యా" అన్నాడు. దొరికినందుకు సంతోషించే మొహంలా లేదు అది.

మా ఆవిడ జనం మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో కాగితం ఉంది. బండెక్కి కూర్చుని నా వైపు చూసింది.

"అయితే ఆ రెండు పళ్లూ?"

"ఉన్నాయి" అన్నాను.

"నాలుగు రోజులు రొట్టె నానబెట్టాను!"

"తిన్నానుగా."

"ఇందులో తప్పుంది" అంది కాగితం ఊపుతూ. "ఎన్నింటికి చేరుతుందో రాయలేదు."

నిజమే, రాయలేదు. నా ఉద్యోగంలో అలాంటి తప్పు చెయ్యడం అదే మొదటిసారి. ఎక్కి పక్కన కూర్చున్నాను. మీసాలాయన వెనక్కి తిరిగి, "పోనివ్వమంటారా సార్" అని అడిగాడు.

మా ఆవిడ కాగితం మళ్లీ విప్పి, ఒళ్లో పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చూస్తోంది. ఇన్నేళ్లలో మైకు ముందు కాకుండా నా చీటీ ఆమె చదవడం నేనెప్పుడూ చూడలేదు. పెదాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

"ఉండవయ్యా, చదువుకోనీ" అన్నాను.

అప్పుడు టైమెంతయిందో నేను చూసుకోలేదు.