చేపల పెట్టెల్లో పోయిన క్రికెట్ కార్డులు

అలా కాదు కోడలా, ముందు ఆటల సంగతి రాయి. పోయిన కార్డుల సంగతి తర్వాత. నీకు తెలిసినవే, అయినా రాయి.

మా రాజ్‌కుమార్ చిన్నప్పుడు చూయింగ్ గమ్ కొంటే లోపల క్రికెట్ ఆడేవాళ్ళ బొమ్మతో ఒక కార్డు వచ్చేది. వాడు గమ్ పారేసి కార్డు దాచుకునేవాడు. అలా బిస్కెట్ల రేకు డబ్బా నిండింది. వాడికి పెళ్ళయి, నువ్వు ఈ ఇంటికొచ్చి, చాందిని పుట్టి, దానికి ఏడేళ్ళు వచ్చాక ఆ డబ్బా మళ్ళీ అటక దిగింది. సాయంత్రం పూట తండ్రీ కూతుళ్ళు అరుగు మీద కూర్చుని ఆడేవారు. నేను పక్కన మంచం మీద ఉండేవాణ్ణి.

ఊదే ఆట ఒకటి. కార్డులన్నీ బొమ్మ కిందకి పెట్టి దొంతర పేర్చి ఒక్క ఊపిరి ఊదాలి. బొమ్మ పైకి తిరిగినవన్నీ ఊదినవాళ్ళవి. గోడ ఆట ఇంకోటి. గీత దగ్గర నిలబడి కార్డు విసిరితే గోడకి ఎవరిది దగ్గరగా పడితే వాళ్ళది గెలుపు. గోడకి ఆనుకుని నిలబడిందంటే రెండు కార్డులు ఇచ్చుకోవాలి. చరిచే ఆట కూడా ఉండేది. అరచెయ్యి గుల్లగా పట్టి నేల మీద కార్డు పక్కన కొడితే ఆ గాలికి కార్డు తిరగబడాలి. దానికి చాందిని చెయ్యి చాలేది కాదు, అందుకని రెండు చేతులతో కొట్టనిచ్చేవాడు.

వాటికో రూలు పెట్టాడు మావాడు. ఓడినవాళ్ళు ఆ రోజు పోగొట్టుకున్న ఒక కార్డు వెనకాల, తెల్లగా ఉన్న వైపున, తేదీ వేసి ఎవరికెన్నో పెన్నుతో రాయాలి. ఎప్పుడూ వాడే రాసేవాడు.

కామెర్లొచ్చి వాడు పోయాక ఆ పిల్ల డబ్బా ముట్టుకోలేదు. ఏడాది తిరిగాక ఒకరోజు తెచ్చి నా ముందు పెట్టి, నాన్న వంతు మీరు ఆడండి తాతయ్యా అంది. ఆడాను. ఓడాను. నాకు రాయడం రాదు కదా, వెనకాల ఒక గీత గీసి ఇచ్చేవాణ్ణి. నవ్వేది. వాడు పోయాక ఈ ఇంట్లో అది నవ్వింది అప్పుడే, నువ్వూ చూశావు.

ఇక రాయి. ఆ ఏడు వానాకాలం, ఉండి ఊరికి పోయే రోడ్డులో అచ్యుతరావు గారి చేపల షెడ్డులో నేను పెట్టెలు కట్టే పని చేస్తున్నాను. ఐసు మీద చేపలు పేర్చి, పైన ఒక చీటీ పెట్టి మూత బిగించాలి. శీలావతి చేపలు ఏ పెట్టెలోవో, బొచ్చె చేపలు ఏ పెట్టెలోవో అక్కడ కలకత్తాలో చీటీ చూసి దించుకుంటారు. మూడు రోజులు ముసురు. చీటీలు తడిసి ముద్దయిపోయి పెట్టెలు తారుమారయ్యాయి. ఇంకో లోడు ఇలా వెళ్ళిందంటే రేపట్నుంచి రావద్దు అన్నారాయన.

నాకు ఆ రేకు డబ్బా గుర్తొచ్చింది. నున్నటి కార్డులు, నీళ్ళకి నానవు. చాందిని బడికి పోయింది. నువ్వు పెంటపాడులో మీ అమ్మ దగ్గరున్నావు. అడగడానికి ఎవరూ లేరు అంటే అబద్ధం. సాయంత్రం దాకా ఆగొచ్చు. ఆగలేదు.

నలభై ఒక్క కార్డులు తీశాను. ఏవి తీశానో అదే చెప్పాలి. మా షెడ్డులో రాసేసిన చీటీ అంటే పనయిపోయిన చీటీ. తెల్ల చీటీకే విలువ. అందుకని ఒక్కొక్కటే తిప్పి చూసి, తెల్లగా ఉన్నవి పిల్ల ఆడుకుంటుందని జాగ్రత్తగా డబ్బాలో ఉంచి, వెనక రాతలున్నవి ఏరి పట్టుకెళ్ళాను.

బ్యాటు పట్టినవాడు శీలావతికి, బంతి విసిరేవాడు బొచ్చెకి అని కలకత్తాకి ఫోన్లో చెప్పించాను. లోడు సరిగ్గా చేరింది. అచ్యుతరావు గారు అందరి ముందూ నా పేరెత్తి, చదువుకున్నోడికి రాలేదయ్యా బంగార్రాజు ఆలోచన అన్నారు. అదేదో బిరుదు ఇచ్చినట్టు ఇంటిదాకా మోసుకొచ్చాను. చాందిని డబ్బా తీసి చూసి అడిగితే, ఆ మాటే గొప్పగా చెప్పాను.

డబ్బా అడుగున రాతతో ఒక్కటి మిగిలుంటే తీసి పైకి చదివింది. "ఊదే ఆట. చాందిని తొమ్మిది, నాన్న నాలుగు. రేపు చూపిస్తా నీ సంగతి." చదివి నా వంక చూసింది. నాకు అప్పుడు తెలిసింది. వాటి వెనకాల ఉన్నది లెక్క ఒక్కటే కాదు.

లారీ డ్రైవరు జాకబ్‌ని బతిమాలాను. రెండు వారాలకి అతను ఒక్క కార్డు తెచ్చాడు. బొమ్మ బాగానే ఉంది. వెనకాల సిరా కరిగి నీలం మరక మిగిలింది. అయినా ఆశగా తీసుకెళ్ళి ఇచ్చాను. వాసన చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండి తాతయ్యా. మీకు బొమ్మ చాలు కదండీ."

రాయమ్మాయ్, ఆపకు. అది కూడా రాయాలాండీ అని అడక్కు. అన్నమాట అన్నట్టే రాయి.

చాందిని ఇప్పుడు ఏలూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. నీతో అరగంట మాట్లాడుతుంది. ఫోన్ నాకిస్తే, ఉన్నానండి, తిన్నానండి, ఉంటానండి. మూడు ముక్కలు. తప్పు నాదే. కానీ నాకూ కడుపు మండుతుంది. వాడు నాకూ కొడుకే కదా.

నాకు రాయడం రాదు గానీ విన్నది పోదు. పక్కనే ఉన్నాను. గుర్తున్నంత వరకూ చెబుతాను, అంకె వేసి రాయి. మీ చెల్లెలి పెళ్ళి తెల్లారి, గోడ ఆట, చాందిని ఆరు, రాజ్‌కుమార్ రెండు. కరెంటు పోయిన రోజు, చరిచే ఆట, ఏడూ ఒకటి. దాని పుట్టినరోజుకి ఊదే ఆట, పదకొండూ మూడూ. ఇంకోటి ఎనిమిదో, తొమ్మిదో. తెలియనిది తెలియదనే రాయి. నలభై ఒక్కటిలో నా దగ్గర మిగిలినవి ఇవే.

ఏ కార్డు మీదా లేనిది ఒకటుంది. మావాడు ఊదేటప్పుడు మూతి ఓ పక్కకి తిప్పి ఊదేవాడు, కార్డులు కదలకుండా. నేను చూస్తే కన్ను గీటేవాడు. దానికి ఇప్పటికీ తెలియదు.

ఇది వింటే అది నాతో మాట్లాడుతుందని కాదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చాందినికి చదివి వినిపించు. నేను పెరట్లోకి పోతాను. అక్కణ్ణుంచి నేనూ వింటున్నానని మాత్రం చెప్పకు.