ఏడో తరగతి చప్పట్లు

"కామాలు నేర్పడానికి కూడా జీతమిస్తారా?" అంటాడు మా ఆయన కిటియోనే, నేను ఉడకబెట్టిన కర్రపెండలం తింటూ. అత్తగారు చాప మీద నుంచే అందుకుంటుంది. "బళ్లో మేడమ్ అయితే, ఇంట్లో గిన్నెలు వాటంతటవే కడుక్కుంటాయా?" కడుక్కోవు. పదకొండేళ్లుగా వాటిని నేనే కడిగి, తవేఉనీ దీవిలోని మా బడికి ఏడింటికల్లా నడుస్తున్నాను.

ఏడో తరగతి పిల్లలు కామా దగ్గర ఆగేవాళ్లే కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని ఒక్క గుక్కలో మింగేసేవాళ్లు. ఎన్ని బోర్డులు నింపినా గోడకు చెప్పినట్టే. ఒకరోజు ఊరి వేడుకలో ఊరిపెద్ద ముందు యంగోనా గిన్నె పెట్టారు, వేరు నూరి కలిపే మా మర్యాద పానీయం అది. అదే పిల్లలు, ఎవరూ చెప్పకుండానే, అరచేతులు డొప్పల్లా పట్టి, కొట్టాల్సిన చోట మాత్రమే మర్యాద చప్పట్లు కొట్టారు. ఇంత తాళం తెలిసినవాళ్లకా ఎక్కడ ఆగాలో తెలియదనుకున్నాను! మర్నాడే మొదలుపెట్టాను. పాఠం చదువుతుంటే కామాకు ఒకసారి చప్పట్లు, ఫుల్‌స్టాపుకు మూడుసార్లు. నెల తిరిగేసరికి వాళ్ల రాతల్లో కూడా కామాలు కుదురుగా కూర్చున్నాయి.

దీవిలోని ఇంగ్లీషు టీచర్లందరికీ శిక్షణ ఇచ్చే మనిషిని ఎంచుకోవడానికి రాజధాని సువా నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ పని నాకు కావాలి. చెప్పడానికి సిగ్గెందుకు, చాలా కావాలి. హెడ్మాస్టర్ అపెనీసా మాత్రం నా నోట్సు చంకలో పెట్టుకుని, "లైసానీ, పాఠం సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు టీ, స్కోన్లు చూడమ్మా. నీ చేతి రుచి ఇంకెవరికొస్తుంది?" అన్నాడు. ఒళ్లు మండింది. అయినా అలవాటైన చేతులు కెటిల్ పొయ్యి మీద పెట్టేశాయి.

వంటపాక కిటికీలోంచి తరగతి కనబడుతుంది. హెడ్మాస్టర్ సారు పాఠం చదవడం మొదలుపెట్టాడు. మొదటి కామా రాగానే ముప్పై జతల చేతులు ఒక్కసారిగా మోగాయి. మర్యాద చప్పట్లు మోగితే నిలబడి ఉండకూడదు మాలో; పిల్లలు అతిథికి మర్యాద చేస్తున్నారనుకుని సారు గబుక్కున చదవడం ఆపి, తలవంచి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ కూడా, పాపం, బూట్లు విప్పి కూర్చున్నాడు. లేచి మళ్లీ చదివితే మళ్లీ చప్పట్లు, మళ్లీ కూర్చోవడం. నోట్సులో చప్పట్ల సంగతి నేను రాయలేదు మరి. నవ్వాపుకోలేక కిటికీ పట్టుకున్నాను.

"ఈ చప్పట్లు ఎవరికర్రా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ముందు వరుసలోంచి తోరికా లేచింది. "కామాకి సార్. లైసానీ మేడమ్ నేర్పారు."

"ఆవిడేరీ?"

"టీ కాస్తున్నారు సార్."

చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లాను. పిల్లలు లేచి నిలబడ్డారు.

"టీ ఏదమ్మా?" అన్నాడు హెడ్మాస్టర్, నేల మీంచి లేవకుండానే.

ఆయన చేతిలోంచి నా నోట్సు తీసుకున్నాను.

"నీళ్లు మరుగుతున్నాయి సార్. మీరు వెళ్లి పోసుకొచ్చేలోగా నేను పాఠం చెబుతుంటాను."