సీసా అడుగున గీతలు

కదిరవన్ ఆ అబద్ధం చెప్పింది ఒక మంగళవారం ఉదయం, చల్లటి ఏసీ గదిలో కూర్చుని. పెద్ద అబద్ధమేమీ కాదు, రెండంటే రెండే మాటలు. కానీ ఆ రెండు మాటలకూ అతను పెట్టిన ముఖం చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. చదువుకున్నవాడి అబద్ధానికి ఉన్న సౌకర్యమే అది.

అతను పనిచేసే కంపెనీ పుదుచ్చేరి ఊరు దాటాక సేదరాపట్టు దారిలో ఉంది. నాసిక్ నుంచి వైన్‌ను ట్యాంకర్లలో తెప్పించి, ఇక్కడ సీసాల్లో నింపి, బీచి వైపు హోటళ్ళకు పంపుతారు. కదిరవన్ అక్కడ ప్యాకింగ్ ఆఫీసరు. ముప్పై నిండకుండానే తిరుగుడు కుర్చీ, కంప్యూటరు, మెడలో కార్డు సంపాదించుకున్నాడు. ఆ ఏడు యజమాని విజయరంగన్‌కు పర్యావరణం మీద పట్టుదల పుట్టింది. వైన్ వల్ల భూమికి జరిగే చేటులో పెద్ద వాటా దాన్ని పోసే సీసాదేనని ఎక్కడో విన్నాడు. అరకిలో గాజును కొలిమిలో కరిగించి, లారీల్లో మోసి, ఒక్క సాయంత్రానికి పారేస్తున్నామని ఆయనకు నిద్ర పట్టలేదు. సీసాకు బదులు ఏది మేలో తేల్చి చెప్పమని బెంగళూరు నుంచి అభినయ అనే ఆడిటరును పిలిపించాడు.

అభినయ అన్నీ బల్ల మీద వరసగా పెట్టించింది. బరువైన గాజు సీసా, పల్చటి గాజు సీసా, ప్లాస్టిక్ సీసా, అల్యూమినియం డబ్బా, అట్టపెట్టెలో దాగిన వెండిరంగు ప్లాస్టిక్ సంచి. దేన్ని తయారుచేయడానికి ఎంత కరెంటు కాలుతుంది, దేన్ని మోయడానికి ఎంత డీజిలు పడుతుంది, చివరికి ఏది ఏ చెత్తకుప్పలో తేలుతుంది, అన్నీ కంప్యూటర్లో గడులు గడులుగా నింపుతోంది. ఒక గడికి పైన ‘ఎన్నిసార్లు వాడతారు’ అని ఉంది. సంచికి ఒకటి అని కొట్టింది. డబ్బాకూ ఒకటే. గాజు సీసా దగ్గరికి వచ్చి ఆగింది.

“ఇవి వెనక్కి వస్తాయా?” అని ఇంగ్లీషులో అడిగింది. ఆ గదిలో మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగుతాయి.

“హోటళ్ళ నుంచి కాంట్రాక్టరు కొన్ని ఏరుకొస్తాడు. ఎన్నిసార్లు తిరుగుతాయో నాకు తెలియదు. కదిర్‌ని అడగండి,” అన్నాడు విజయరంగన్.

అభినయ సీసాను తలకిందులు చేసింది. అడుగున, అంచుకు ఆనుకుని, సన్నటి గీతలు ఏడు ఉన్నాయి. “మరి ఇవేమిటి?” అంది కదిరవన్ వైపు తిరిగి.

ఆ గీతలేమిటో కదిరవన్‌కు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? పలక మీద అక్షరాలకన్నా ముందు వాటినే చూశాడు. కిరుమాంబాక్కంలో, కడలూరు రోడ్డుకు లోపలగా, కాంట్రాక్టరు రేకుల షెడ్డు ఉంది. అక్కడ పదిహేనుమంది ఆడవాళ్ళు కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్ళలో సీసాలు కడుగుతారు. కడిగి ఆరబెట్టిన ప్రతిసారీ సానరాయి ముక్కతో అడుగున ఒక్క గీత గీస్తారు. పది గీతలు నిండిన సీసాను ఇంక నీళ్ళలో ముంచరు, గాజు కొలిమికి పంపేస్తారు. ఎప్పుడో ఒక ముసలి సీసా వేడికి చిట్లి కాళియమ్మ మణికట్టు తెగింది. అప్పటినుంచి ఆవిడ పెట్టిన పద్ధతి అది. ఏడు గీతలంటే ఆ సీసా ఏడుసార్లు కడిగించుకుని మళ్ళీ నిండిందని, ఏడు కొత్త సీసాలు పుట్టకుండా ఆపిందని అర్థం. బెంగళూరు నుంచి విమానమెక్కి వచ్చి ఆ పిల్ల వెతుకుతున్న లెక్క ఆమె చేతిలోని సీసా అడుగునే ఉంది.

అది గీసింది సెంగమలం కావచ్చు. సెంగమలం కదిరవన్ తల్లి. ఇరవై రెండేళ్ళుగా ఆ షెడ్డులోనే కూర్చుని గీస్తోంది.

చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ‘నీకెలా తెలుసు?’ అని అడుగుతారని, తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. ఆఫీసులో అందరికీ వాళ్ళది కిరుమాంబాక్కంలో చిన్న వ్యాపారమని చెప్పుకున్నాడు మరి. ఆ బడాయికి వెనక ఒక ఆరో తరగతి పిల్లవాడున్నాడు. అమ్మ సీసాల మురుగు చేతులతోనే యూనిఫారం మడతపెట్టి ఇచ్చేది. ఒకరోజు మాస్టారు దగ్గరికి పిలిచి, చొక్కా వాసన చూసి, “మీ ఇంట్లో ఎవర్రా ఇంత తాగేది?” అన్నాడు. తరగతి మొత్తం పగలబడి నవ్వింది. వాళ్ళింట్లో ఎవరూ తాగరు. నాన్న బతికుండగా కూడా తాగలేదు. ఆ మాట చెప్పడానికి ఆరోజూ నోరు రాలేదు.

“రవాణా గీతలు మేడమ్,” అన్నాడు కదిరవన్. “లారీలో ఒకదానికొకటి రాసుకుంటాయి.”

తిరిగి వాడారనడానికి ఇంకే ఆధారమూ దొరకక అభినయ ఒకటి అని కొట్టింది. అంతే, సీసా ఓడిపోయింది. అట్టపెట్టెలో సంచి గెలిచింది. ఆ సంచిని కరిగించడానికి వీల్లేదని, వాడాక పూడ్చడమో కాల్చడమో తప్ప దారిలేదని ఆమే చెప్పింది పాపం. కానీ ఒక్కసారి తాగి పారేసే అరకిలో గాజు పక్కన పెడితే ఏ సంచైనా పుణ్యాత్మురాలే. కదిరవన్ ఆ మధ్యాహ్నం భోజనం బాగానే తిన్నాడు. అది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

రెండు నెలలు తిరగకుండా కబురు షెడ్డుకు చేరింది. పొంగల్ దాటితే కంపెనీ సీసాలు ఇంక రావట. కంపెనీ సీసాలు రాకపోతే షెడ్డులో కడగడానికి ఏమీ ఉండదు. ఆ సాయంత్రం సెంగమలం కొడుక్కి దోసె వేస్తూ, పెనం మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

“ఏంది నాయనా, మన బాటిళ్ళు వొద్దంటా ఉండారంట? ఒక్క తూరి తాగి పారేస్తారని రాసినారంట. గీతల సంగతి నువ్వు వాళ్ళకి చెప్పలేదా?”

అప్పుడైనా చెప్పేయవచ్చు. వేడి దోసె పళ్ళెంలో పడింది. “చెప్పినాను మా,” అన్నాడు. “వాళ్ళు వింటేనా?”

“అంత చదివినోళ్ళకి ఈ మాత్రం తెలీదా!” అని నిట్టూర్చి, “పోనీలే, నువ్వు చెప్పినావు గదా. నువ్వు బాధపడబాక,” అని ఇంకో దోసె వేసింది. అతనికి తినాలనిపించలేదు. అయినా తిన్నాడు. వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని భయం.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అమ్మ అతన్ని షెడ్డుకు పిలుచుకుపోయింది. కంపెనీ పంపిన కాగితాలను కాంట్రాక్టరు అక్కడ పడేసి, చేతులు దులుపుకుని పోయాడు. నాలుగు పేజీల ఇంగ్లీషు. అందులో ఏముందో, ఎవరి కాళ్ళు పట్టుకుంటే పని నిలబడుతుందో తెలియాలంటే చదివేవాళ్ళు కావాలి. వాళ్ళంతా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే అయినా, చదవడమంటే తమిళం కూడబలుక్కునేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఇంగ్లీషు ఎవరికీ రాదు. “మావాడుండాడు గదా,” అంది సెంగమలం. ఆ మాట ఆమె ఎంత గర్వంగా అని ఉంటుందో కదిరవన్‌కు చూడకుండానే తెలుసు.

కాలేజీలో చేరాక అతను ఆ షెడ్డులో అడుగుపెట్టలేదు. సోడా ఘాటు, పులిసిన వైన్ వాసన ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆడవాళ్ళు పని ఆపి, చేతులు కొంగులకు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. అతనికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వాళ్ళు తలకిందులు చేసిన క్రేట్ల మీద కూర్చున్నారు.

“మీయమ్మ చెప్పింది అబ్బయ్యా,” అంది కాళియమ్మ. డెబ్బై దగ్గరపడ్డా ఇంకా పనిలోకి వస్తోంది. “మా కోసరం అంత పెద్దోళ్ళ ముందర కొట్లాడినావంట గదా. నీ మాట యాడ చెల్లుబాటవుతాది, పాపం. అయినా అడిగినావు జూడు, అంతే చాలు.”

“రెండు దినాలు సరింగా తిననే లేదత్తా వాడు,” అంది సెంగమలం. కొడుకు ముద్ద మింగలేకపోవడానికి, మాట చెల్లలేదన్న బాధే కారణమని ఆమె అనుకుంది.

కదిరవన్ తలవంచుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుని, ఇంటి తెలుగులో చెబుతూ వచ్చాడు. మొదటి పేజీలో మర్యాదలు. రెండో పేజీలో భూమి, గాలి, వేడి. మూడో పేజీలో సీసా, డబ్బా, సంచి. నాలుగో పేజీ తిప్పగానే కళ్ళు ఆగిపోయాయి. ఆడిటరు నివేదికలోని ఒక ముక్కను ఎవరో ఉన్నదున్నట్టు అంటించి పంపారు. గాజు సీసా వాడకం ఒక్కసారి. సీసా అడుగున కనిపించే గీతలు రవాణాలో పడినవి. ఈ సమాచారం ఇచ్చినవారు: కదిరవన్, ప్యాకింగ్ ఆఫీసరు.

దాటేస్తే సరిపోతుంది. చూసేవాళ్ళు లేరు, చదవగలిగేవాళ్ళు లేరు. ‘అంతే, ఇంకేమీ లేదు’ అని కాగితాలు మడిచి లేవచ్చు. టీ తెప్పిస్తారు, తాగి పోవచ్చు.

“యెవురు చెప్పినారంట, ఒక్క తూరే వాడతారని?” అంది కాళియమ్మ. “చెప్పినోడు బతుకులో ఒక బాటిలు చేత్తో పట్టుకోనుంటాడా?”

“పట్టుకోనుండడు,” అంది సెంగమలం. “పట్టుకోనుంటే ఆ మాట నోట్లోంచి ఎట్ల వొస్తాది?”

కదిరవన్ తల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత కాగితంలోకి చూసి చదివాడు. గీతల మాట చదివాడు, రవాణా మాట చదివాడు, తన పేరూ చదివాడు. ఒక్క అక్షరం కూడా మింగలేదు.

డ్రమ్ములో సోడా నీళ్ళు కుతకుతమని ఉడుకుతున్నాయి. కాళియమ్మ అతన్ని చూడలేదు, సెంగమలాన్ని చూసింది. మిగతావాళ్ళూ సెంగమలాన్నే చూశారు. ఈ నాలుగైదు రోజులుగా కొడుకు కొట్లాడాడని ఈ క్రేట్ల మధ్య తిరిగి తిరిగి చెప్పింది ఆమె కదా. సెంగమలం తల మెల్లిగా వాలిపోయింది. ఏ నవ్వుకు భయపడి అతను తల్లిని దాచాడో, ఆ సిగ్గంతా ఇప్పుడు ఆమె నెత్తిన పడింది. తాను చేసిన పనికి ఆమె తలవంచుకుంటుందని కదిరవన్‌కు కలలో కూడా తోచలేదు. చచ్చిపోవాలనిపించింది అతనికి.

“ఆ గీతలు గీసేది నేనే అని నీకు తెలుసు గదా,” అంది చివరికి, తల ఎత్తకుండా.

“తెలుసు మా.”

“చెప్పేదానికి నామోషీగా ఉన్నిందా?”

“ఉన్నింది మా,” అన్నాడు.

అతను అక్కడే, అందరి ముందే, ఫోను తీసి విజయరంగన్‌కు కలిపాడు. పక్కకు వెళ్ళి మాట్లాడితే మళ్ళీ ఏదైనా తిప్పి చెబుతాడని తన మీద తనకే అనుమానం. అందుకే ఫోను గొంతు అందరికీ వినపడేలా పెట్టాడు. విజయరంగన్ ఇంట్లో కూడా తెలుగే.

“ఆదివారం పూట ఏంది కదిర్?”

“సార్, సీసా కింద ఉండేవి రవాణా గీతలు కాదు. కడిగిన ప్రతిసారీ ఒక గీత గీస్తారు. కొన్ని తొమ్మిది తూర్లు కూడా తిరిగుంటాయి. ఆ దినమే నాకు తెలుసు సార్. తెలిసే అబద్ధం చెప్పినాను.”

“ఎట్లా తెలుసు?”

“మా అమ్మ గీస్తాది సార్. ఈ షెడ్డులోనే కడగతాది.”

“మరి చెప్పేదానికేమి?”

“సిగ్గేసింది సార్.”

విజయరంగన్ తిట్టలేదు. తిట్టి ఉంటే కదిరవన్‌కు కొంచెం తేలికయ్యేది. “సంచులు నింపే మెషీనుకు ఆర్డరు పెట్టేసినాం కదిర్. ఇప్పుడు వెనక్కి తిరుగుతాదో లేదో నేను మాట ఇయ్యలేను. ఒక పని చెయ్యి. షెడ్డులో ఉండే సీసాలన్నిటి మీదా గీతలు లెక్కబెట్టి, కాగితం మీద పెట్టి రేపు తీసుకురా. అభినయ మళ్ళీ లెక్క కట్టనీ. గీసేది ఎవరో పేరు కూడా రాయి, ఆడిటరుకు సాక్ష్యం కావాల. నీ ఉద్యోగం మాట రేపు మాట్లాడదాం.” ఫోను పెట్టేశాడు.

కదిరవన్ కుర్చీలోంచి లేచి, నేల మీద చతికిలబడి, దగ్గరున్న క్రేటు ముందుకు లాక్కున్నాడు. సీసాలు ఒక్కొక్కటీ తిప్పి గీతలు చూస్తూ ఆ ఇంగ్లీషు కాగితాల వెనకే రాయసాగాడు. కాసేపటికి ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి సీసాలు తిప్పి చెప్పడం మొదలుపెట్టారు. అతనితో మాట్లాడినట్టు కాకుండా, గాలికి చెప్పినట్టు చెప్పారు. ఆరు. ఎనిమిది. మూడు. తొమ్మిది.

పొద్దు వాలేవేళకు లెక్క పూర్తయింది. కింద, గీసేవారు అని రాసి, అతను ఆగాడు. కాళియమ్మ తన పేరు చెప్పింది, రాశాడు. మిగతావాళ్ళవీ వరసగా రాశాడు. చివరి పేరు మిగిలింది. కలం పట్టుకుని తల్లి వైపు చూశాడు. మా అమ్మ అని పక్కన పెద్ద అక్షరాలతో రాయాలని, రేపు ఆ ఏసీ గదిలో అందరూ దాన్ని చదవాలని అతని కోరిక.

సెంగమలం డ్రమ్ము కింద మంట ఆర్పుతోంది. అతను ఎందుకు ఆగాడో తిరిగి చూడకుండానే తెలుసుకుంది.

“సెంగమలం అని రాయి,” అంది. “బాటిళ్ళు కడిగే ఆమె అని రాయి. అమ్మ అని మాత్రం రాయబాక.”

అతను అట్లాగే రాశాడు.