గోడకెక్కిన సున్న

వైశాఖ మధ్యాహ్నమున విశాఖపట్టణ సముద్రము కరగిన సీసమువలె మండుచుండ ఆ సెగకు వాడిన పూలతోరణముల నడుమ “సహస్ర శస్త్రచికిత్సా మహోత్సవము” అను పతాకము వైద్యశాల ముంగిట వ్రేలాడుచుండ నాల్గవ అంతస్తున శస్త్రచికిత్సామందిర ద్వారము కడ కానిస్టేబులు అప్పలనరసమ్మ తన చెల్లెలు పరుండియున్న స్ట్రెచరునకు అడ్డముగా రెండు చేతులును చాచి నిలిచియుండెను.

వేయవ రోగి ఆ చెల్లెలు కామాక్షియే. బరువును మీటర్లలోని ఎత్తుచే రెండుమారులు భాగించి కట్టు బి.ఎం.ఐ. అను సంఖ్య ముప్పదియేడున్నర దాటినగాని వేరు వ్యాధి లేనివారికి బరువు తగ్గించుటకై పొట్టను కోసి కుదింపరాదని అచ్చటి నియమము. ఎనుబదిమూడు కిలోల కామాక్షికి ముప్పదియెనిమిది దాటినదని కాగితము పలికెను. ఆ కాగితముపై సంతకము చేయబోయిన అప్పలనరసమ్మ కంటికి “ఎత్తు 147” అను అంకె కాలిక్రింది పామువలె తగిలెను.

“అడ్డు లెగవే అప్పా! అర్హత వచ్చిందని నానెంత సంబరపడినానో నీకు తెల్దా?” అని కామాక్షి మొఱపెట్టెను.

“నోర్ముయ్యే గుంటా! మనిద్దరిదీ ఒకే ఎత్తని ఊరంతా ఎరుగుదురు. పోలీసు సెలక్షన్లో నన్ను నూట యాభైనాలుగని కొలిసినారు. నువ్వెప్పుడు కుంగిపోనావే?”

అంతలో చేతులకు తొడుగులు ధరించి శస్త్రవైద్యుడు వెలుపలికి వచ్చెను. అతని పెదవులు నవ్వుచుండెను గాని కన్నులు గడియారమునే చూచుచుండెను.

“కానిస్టేబుల్ గారూ, కొలబద్దకి బంధుప్రీతి ఉండదు. కింద పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. తప్పుకోండి.”

ఆ మాటకు ఆమె ఒడలెల్ల భగ్గుమనెను. ఎదుటి గదిలోనికి దూసికొనిపోయి బూట్లు విడిచి గోడకంటించిన కొలబద్దకు వీపానించి నిలిచి నర్సును చదువుమనెను.

“నూట... నూట నలభైయేడమ్మా” అని నర్సు తడబడెను.

అప్పలనరసమ్మ మోకరిల్లి గోడ మొదలు చూచెను. నేలనంటి గోడపొడవున నల్లరాతిపట్టీ యొకటి పరచియుండెను. కొలబద్దలోని సున్న నేలపై గాక ఆ పట్టీకి పైయంచున సింహాసనమెక్కినట్లు కూర్చుండియుండెను. నర్సు బల్లమీది టేపు లాగి పట్టీని కొలిచెను. సరిగా ఏడు సెంటీమీటర్లు! నేలపై నిలిచిన ప్రతి మనుజుడును ఆ గోడ కడ ఏడు సెంటీమీటర్లు పొట్టియగుచుండెను. పొట్టియైనకొలది ఆ సంఖ్య పెరుగుచుండెను. కామాక్షి నిజసంఖ్య ముప్పదియైదే. అరచేతి వెడల్పైన లేని రాయి ఆరోగ్యవంతుల నెందరిని కత్తిక్రిందికి త్రోసెనో! వేయింటిలో నెందరో!

వైద్యుడు తొణకలేదు. స్ట్రెచరు పట్టుకొనియున్న ముదుసలి అటెండరు వైపు మరలెను.

“సన్యాసయ్యా! ఇది అంటించింది నువ్వే కదా? చదువురానివాడికి పని చెప్తే ఇంతే!”

సన్యాసయ్య అతనివైపు చూడనేలేదు. నర్సు కడకు నడచి వచ్చెను.

“పాపా, నా ఇంటిదాన్ని పోయినేడు ఇక్కడే కోసినారు. ఎనభై కిలోలు, ఎత్తు నూట నలభైయైదని రాసినారు. ఆ ఏడు సెంటీమీటర్లూ కలిపి లెక్క కట్టమ్మా.”

నర్సు లెక్క కట్టెను. “ముప్పై నాలుగున్నర” అని తలవంచెను.

నాటినుండి నాలుగు ముద్దలు దిగకమునుపే వాంతిచేసికొని గోడకు జేరబడు భార్యను కాలమహిమ యని ఓదార్చుచు వచ్చిన ఆ వృద్ధుడు గోడ కడకు పోయి కొలబద్దపై అరచేయి మోపెను.

“నేల మీద సున్నా ఎట్టి నానే అంటించినాను. తడిగుడ్డ తగిలితే పాడైపోద్ది, పట్టీ మీదకి జరపమన్నారు. ‘సున్నా నేలనుండాల గదా బాబూ’ అంటే, ‘నీకు తెలిసింది చాల్లే, నీ పని నువ్వు సూసుకో’ అన్నారు. సేతులు నావి. నా ఆడదాని పొట్ట కోయించిన కొలత నా సేత్తోనే అంటించినాను!”

“ఎవరన్నారు?” అని అప్పలనరసమ్మ ఉరిమెను.

ఎనిమిది సంవత్సరములుగా ఎవరి ఎదుట చేతులు కట్టుకొని “బాబూ” యని మాత్రమే పలికెనో ఆ శస్త్రవైద్యుని ముఖముపైకి వ్రేలు చాచి సన్యాసయ్య స్ట్రెచరుపైనున్న కామాక్షికిని క్రింద వేచియున్న పెద్దలకును వినబడునట్లు తొలిసారి పేరు పెట్టి పిలిచెను:

“వామదేవరావు!”