చెక్క పొట్టలో లారీ

షెడ్డులో నిలబెట్టిన ఆ విమానం ఎగరదు. అది చెక్కది. సైన్యం కోసం కొత్తగా తయారవుతున్న సరుకుల విమానానికి అసలు కొలతలతో చేసిన నమూనా. రెక్కల్లేవు, ముక్కు లేదు. ఉన్నదల్లా లారీని మింగాల్సిన పొట్ట, తోక కింద నేలకు వాలే ఎక్కుడుబల్ల. ఎనిమిది నెలలు దాన్ని చెక్కిన వడ్రంగిని అందరూ కొలబద్ద బాబాయ్ అంటారు. సాయంత్రానికి ఇంజనీరమ్మ సంతకం పెడితే, రేపట్నుంచి అసలు విమానానికి రేకు కోయడం మొదలు. కోశాక మళ్ళీ అతికించేదేమీ ఉండదు.

బాబాయికి మాత్రం మనసులో ఏదో మెదులుతోంది.

"అమ్మాయ్, లారీ పడుతుందంటావా?" అని ఇంజనీరమ్మను అడిగాడు.

"లారీ ఎత్తు మీద పైకప్పు జానెడు ఎక్కువుంది బాబాయ్. ఇంకా ఏం, నెత్తిన టోపీ పెడతావా దానికి?"

రంపాల దగ్గరున్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"లోపల నిలబడితే పడుతుందిలే. ఎక్కేటప్పుడు?"

"ఎక్కుడుబల్ల మీద ఉన్నట్టు లారీని గీశాను. లోపల ఉన్నట్టూ గీశాను. రెండూ సరిపోయాయి."

"సగం అక్కడ, సగం ఇక్కడ ఉన్నప్పుడు గీశావా?"

ఇంజనీరమ్మ తన బొమ్మల కాగితాలు తిరగేసింది. అలాంటిది ఒక్కటీ లేదు.

బాబాయ్ మిగిలిన ప్లైవుడ్ ముక్కలు అతికించి, పక్కనుంచి చూస్తే లారీ ఎలా ఉంటుందో అలా అసలు సైజులో కోశాడు. కింద ముందొకటి, వెనకొకటి చక్రాలు బిగించాడు. నలుగురు పట్టుకుని బల్ల మీదికి తోశారు. ముందు చక్రం లోపలి నేల మీదికి ఎక్కింది. వెనక చక్రం ఇంకా వాలు మీదే ఉంది. ప్లైవుడ్ లారీ మూతి పైకెత్తింది.

టక్!

పైకప్పు మీద గీత పడింది.

"నీకెలా తట్టింది బాబాయ్?" అంది ఇంజనీరమ్మ.

"మా ఆవిడ బీరువా చెప్పింది. గుమ్మం కొలిచి మరీ చేశాను. మెట్ల మీంచి ఏటవాలుగా ఎక్కిస్తుంటే నెత్తి తగిలి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా వసారాలోనే ఉంది. చీర తీసుకున్నప్పుడల్లా ఆవిడ నా కొలబద్దకు దండం పెడుతుంది."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది ఇంజనీరమ్మే. నవ్వుతూనే నిచ్చెనెక్కి ఆ గీతను వేలితో తడిమింది.

"కప్పు పెంచాలా, బల్ల పొడుగు చేసి వాలు తగ్గించాలా?"

"నాకేం తెలుసమ్మా! చూద్దాం."

ఆవిడ కలం జేబులో పెట్టుకుని కిందికి దిగింది. చొక్కా చేతులు పైకి మడిచి, ప్లైవుడ్ లారీ వెనక భుజం ఆనించింది.

"నెమ్మదిగా తోయండి. ఎక్కడ తగలడం మొదలవుతుందో నేనూ చూడాలి."

ఆ సాయంత్రం సంతకం పడలేదు.